అత్తగారి ఆది జాకెట్టు

మా ఇంట్లో జీడిపప్పు డబ్బాకి తాళం వేసింది నేనే. మా అమ్మాయి లావెక్కుతోందని, దానికి కారణం ఉద్దానంలో తోటలున్న మా అత్తగారేనని నా గట్టి నమ్మకం. వచ్చినప్పుడల్లా ఇంత పప్పు, ఇన్ని కొబ్బరుండలు! అదే పప్పు మా ఆయన గుప్పిళ్ళతో మింగి ములక్కాడలా ఉంటాడు. అది నా కంటికి ఆనలేదు మరి.

అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. కాలేజీ వీడ్కోలు రోజున చీర కట్టుకోవాలి, ఈలోగా ఒళ్ళు తగ్గాలి అని మధ్యాహ్నం క్యారేజీ విప్పడమే మానేసింది. తెలిసీ ఊరుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నా, సంతోషించాను కూడా. రెండు నెలలకి, క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిందని ఫోనొచ్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

కబురంది అత్తగారు పరుగున వచ్చింది. టెక్కలిలో డాక్టరమ్మ ముగ్గురినీ ఎగాదిగా చూసింది. "ముక్కూ చెవులూ వచ్చినట్టే ఒళ్ళూ ఆకలీ కూడా చాలావరకు వంశంలోంచి వస్తాయమ్మా. వేళకి తిండి, రోజూ కాస్త నడక చాలు. పస్తులు మాత్రం వద్దు" అంది.

బయటికి రాగానే అత్తగారి మీద పడ్డాను. "సూసావా అత్తా, అంతా నీ వల్లే!"

"అవునే, నా వల్లే. అయితే ఏటి?" అంది ఆవిడ.

పిల్ల తేరుకుంటుందని అటునుంచి అటే అత్తగారి ఊరు వెళ్ళాం. చీరకి జాకెట్టు కుట్టాలంటే పలాస దర్జీకి కొలతకి ఓ ఆది జాకెట్టు ఇవ్వాలి. అమ్మాయివన్నీ చిన్నప్పటివి, ఎప్పుడో బిగుతైపోయాయి, టేపు దగ్గరికి రానంటుంది. అత్తగారు ట్రంకుపెట్టెలోంచి వయసులో తను తొడిగిన వెడల్పాటి పట్టుజాకెట్టు తీసింది. తొడిగితే భుజం నుంచి చేతి దాకా అతికినట్టు సరిపోయింది. పిల్ల ఒక్కసారి భోరుమంది.

"ఇన్నాళ్ళు తిండి మానింది ఇందుకా నానమ్మా?"

"ఏడుపెందుకే నా తల్లీ? ఇలాటి సేతుల్తోనే మీ నాన్నని సంకనేసుకుని, నెత్తి మీద కొబ్బరికాయల గంపెట్టుకుని తోటంతా తిరిగీదాన్ని. ఏనాడూ సిగ్గుపడలేదు. మీ అమ్మని మొయ్యమను, సూద్దాం!"

పుల్లల్లాంటి నా చేతులు చూసి పిల్ల ఏడుపులోనే ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది, నా మీద నాకే.

దర్జీ అవసరం రాలేదు. వీడ్కోలు రోజున నానమ్మ జాకెట్టే తొడుక్కుంటానంది. ఇంటికి రాగానే డబ్బా తాళం తీసి పారేశాను.

మర్నాడు సాయంత్రం క్యారేజీ కడగబోయి మూత తీశాను. అడుగున ఒక్క మెతుకు లేదు. గిన్నె పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను.