సమ్మెకాలపు గాజుల దుకాణం

దసరా బజారుకు బయలుదేరేటప్పుడు మీ ఇంట్లో ఎవరిని లోపల వదిలి గడియ పెడుతున్నారు?

మొన్న సిద్దిపేటలో మా రాజక్క చెయ్యి పట్టుకొని ఒక పెద్ద బట్టల దుకాణం మెట్లెక్కుతుంటే గంజి చీరల వాసన తగిలి, పాత కోపం మళ్లీ రాజుకుంది. రాజక్క నాకంటే చాలా పెద్దది. పుట్టుకతోనే మెదడు ఎదుగుదల నెమ్మది, అడిగిన మాటకు జవాబు చాలాసేపటికి గానీ రాదు. గ్రహణం నాడు అవ్వ, అంటే మా అమ్మ, కడుపుతో ఉండి కత్తిపీట పట్టినందుకే ఇట్లా పుట్టిందని నానమ్మ తేల్చేసింది. ఆ మూఢత్వాన్ని నమ్మి ఆమెను తిప్పని గుడి లేదు, తాయెత్తు కట్టించని దర్గా లేదు. దేవుళ్ల దగ్గరికి ఊరూరా మోసుకుపోయినవాళ్లు వీధి చివరి బజారుకు మాత్రం ఒక్కనాడూ తీసుకుపోలేదు.

బతుకమ్మ ముందర వాకిట్లో తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి, నువ్వులు వేయించి, రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతుంటే ఇల్లంతా ఘుమఘుమలాడేది. ఆ సందడిలో అందరం చీరలకూ గాజులకూ పోతే, రాజక్కకు కాపలాగా చేర్యాల నుంచి మేనత్త వచ్చి కూర్చునేది. ఒకరికొకరం ఏదో ఒకటి కొనిపెట్టుకునేవాళ్లం. రాజక్క చేత్తో ఎవరికైనా ఏదైనా ఇప్పించాలని ఎవరికీ తోచలేదు. పుచ్చుకోవడమే ఆమె వంతు, అదీ మిగిలిన గుడ్డతో కుట్టించిన లంగా.

తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె జరిగి బస్సులు ఆగిపోయి, బడులు మూతపడిన ఏడాది మేనత్త రాలేకపోయింది. గత్యంతరం లేక అవ్వ మా ఇద్దరినీ వెంటబెట్టుకుంది. సమ్మె వల్ల గాజుల దుకాణం షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరితే కరెంటు లేదు, మైకు లేదు, పల్లెల నుంచి వచ్చే జనం లేరు. అందరం ఖాలా అని పిలిచే గాజులామె రాజక్కను పీట మీద కూర్చోబెట్టి, "ఏ రంగు గావాలె బిడ్డా?" అంది.

"దానికేం ఎర్క? ఏదో ఒకటి తొడుగు" అంది అవ్వ.

"నిన్నడగలే. బిడ్డనడిగిన."

ఖాలా పెట్టెలన్నీ పక్కకు జరిపి, ఎర్రవీ నీలివీ రెండే జతలు గుడ్డ మీద పెట్టి ఊరుకుంది. వెనక నిల్చున్న ఒకావిడకు ఓపిక చచ్చింది.

"తెలంగాణ అచ్చేదాక కూసుంటవా ఏంది, ఖాలా?"

"కూసుంటా. గదీ అస్తది, గీ బిడ్డ మాటా అస్తది."

రాజక్క నీలివి తీసుకుంది. తన చెయ్యి చాపలేదు. అవ్వ చెయ్యి ఒళ్లోకి లాక్కొని తొడగబోయింది. "అవ్వకు" అంది.

బతుకమ్మ ఆటలో ఆ నీలి గాజుల గురించి అడిగిన ప్రతివాళ్లకూ అవ్వ, "మా రాజి పెట్టింది" అని చెప్పుకుంది. "గా పిల్లకు గంత తెలివెక్కడిదే, నువ్వే కొనుక్కొని దాని పేరు చెప్తున్నవ్" అని చుట్టాలు పకపకా నవ్వారు. ఆ నవ్వులకు అవ్వ జంకింది. మరుసటి ఏడు బస్సులు తిరిగాయి, మేనత్త వచ్చింది, రాజక్క ఇంట్లోనే ఉండిపోయింది.

రాష్ట్రం వచ్చింది. మన నిర్ణయాలు మనమే తీసుకోవాలని గొంతులు చించుకున్న మనం, ఒక మనిషిని గాజుల రంగు కూడా ఎంచుకోనివ్వం. ఖాలా దుకాణం ఇప్పుడు లేదు, ఆ నిదానమూ లేదు. మొన్న అవ్వకు చీర తనే చూస్తానని వచ్చిన రాజక్క, ఆ బట్టల దుకాణం మైకు పాటల హోరుకు చెవులు మూసుకొని మెట్ల మీదే కూలబడింది. కాసేపు పాట ఆపమంటే మేనేజరు నాకే బుద్ధి చెప్పాడు: "ఇసొంటోళ్లను ఇంట్ల ఉంచి రావాలె గద, మేడం."

దుకాణదారులారా, పండుగ రోజుల్లో రోజుకొక గంట ఆ హోరు ఆపండి. ఇళ్లవాళ్లారా, ఆ గంటలో మీరు గడియ పెట్టి వదిలే మనిషిని బజారుకు తీసుకురండి. ఎవరికి ఏమిస్తావని ఆ మనిషినే అడగండి. జవాబు వచ్చేదాకా నోరు మూసుకొని నిలబడండి.