పందిరి గుంజకు కట్టిన పేటియా

చండ్రుగొండ చుట్టుపక్కల తండాల్లో అతన్ని స్టీలు బిందెల తుల్సీరాం అనేవారు. సైకిలుకు బిందెలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. బదులుగా పాత ఇత్తడి చెంబులు, కాళ్లు ఊగే పట్టెమంచాలు, ఆడవాళ్లు కట్టడం మానేసిన పేటియాలు తెచ్చుకునేవాడు. పేటియా అంటే అద్దాలూ గవ్వలూ కుట్టిన లంబాడీ లంగా. వాటిని కొనే దిక్కులేక ఇల్లంతా పేరుకుపోయాయి. “ఈ గుడ్డలన్న ఉండాలె, నేనన్న ఉండాలె” అని భార్య సోమ్లి ఏటా తేల్చి చెప్పేది. గుడ్డలూ ఉన్నాయి, సోమ్లీ ఉంది.

ఒకసారి పాల్వంచ కాలనీ పెళ్లిలో టెంటువాళ్ల పరదాలు చాలలేదు. బిందెలతో అటు వెళ్లిన తుల్సీరాం ఇంట్లోని పేటియాలు తెచ్చి ద్వారం మీద వేలాడదీశాడు. లైట్లు పడి అద్దాలు తళుక్కుమన్నాయి. అప్పటినుంచి ఉద్యోగస్తులు వెతుక్కుని మరీ పిలిచేవారు. ఇత్తడి చెంబుల్లో బంతిపూలు, పట్టెమంచం మీద పెళ్లికొడుకు. అంతా పాత సామానే, డెకరేషన్ అన్న పేరొక్కటే కొత్తది. సొంత తండావాళ్లు మాత్రం ఎవరూ పిలవలేదు. మనవాళ్లు ఒక్కసారి పిలిస్తే చాలని అతని ప్రాణం కొట్టుకునేది.

రెండువేల ఆరు ఎండాకాలంలో తండాకు చెందిన జగదీష్ పిలిచాడు. చెల్లెలు సోని పెళ్లి, తండాలోనే. తుల్సీరాం ఉన్నవాటిలో మేలైన పేటియాలు ఏరి ద్వారం కట్టాడు. మగపెళ్లివారు వచ్చారు, ద్వారం ముందు ఆగిపోయారు.

వాళ్ల పెద్దమనిషి కిషన్‌లాల్ తలెత్తి చూశాడు. “గివి పేటియాలు గదా. ఆడోళ్ల లంగాల కిందికెల్లి తలలు వంచుకొని పోవాల్నా మేము?”

కాలనీలో అవి పరదాలు. ఇక్కడ పసిపిల్లకు కూడా అవేమిటో తెలుసు. ఇన్నేళ్లు వాటితోనే బతికినవాడికి ఆ సంగతి తట్టకపోవడమే విడ్డూరం. మొదటి పిలుపే ఆఖరి పిలుపయ్యేట్టుంది.

జగదీష్ నానమ్మ రూప్లి కర్ర పట్టుకుని వచ్చింది. “ముందు దింపు, బిడ్డా.”

దింపాడు. ఒకదాని అంచు ఆమె వేళ్లతో తడిమింది. “ఇది నేను కుట్టుకున్నదే. నీ బిందెకు ఇచ్చిన.” ఎవరినీ అడగకుండా దాన్ని పందిరి గుంజకు చుట్టి, నడుమెత్తున బొందు బిగించింది. “పేటియా జాగ నడుము, నెత్తి గాదు. మిగతాయి గిట్లనే కట్టు.”

మిగతా మూడు గుంజలకూ మూడు కట్టాడు. పందిరికే పెళ్లికళ వచ్చింది. కిషన్‌లాల్ మీసాల్లో నవ్వుకుంటూ లోపలికి నడిచాడు. తుల్సీరాంకు ఆ నవ్వు చూసి కడుపు నిండింది.

పెళ్లయ్యాక ఆ పేటియా మడిచి రూప్లికి ఇవ్వబోయాడు. “యాడీ, నీది నీకే.” తల్లిలాంటి మనిషిని వాళ్లు అలాగే పిలుస్తారు.

ఆమె తీసుకోలేదు. “నా తాన ఉంటే పెట్టెల ఉంటది. నీ తాన ఉంటే, నేను పోలేని పెండ్లిళ్లకు గూడ పోతది.”

ఆ తర్వాత తండాల్లో ఏ పందిరి వేసినా తుల్సీరాం ముందు ఆ పేటియానే కట్టేవాడు. బొందు బిగించి, సామాను అందించే సోమ్లి వైపు తిరిగేవాడు. “యాడి వచ్చింది. ఇగ మిగతావి ఇయ్యి.”