గుంత పలకదు

ఉదయం అయిదు నలభైకి సికింద్రాబాద్‌లో రైలు దిగాం. నా జేబులో ఇరవై ఒక్క రోజుల ఎస్కార్ట్ డ్యూటీ ఆర్డరు. పక్కన మా సరిహద్దు పోస్టు రేడియో ఆపరేటర్, హవల్దార్. ఆరు నెలల కిందట కొండ మీద తెగిన ఫోన్ లైను కలపడానికి వెళ్ళాడు. మందుపాతర పేలి రెండు కళ్ళూ పోయాయి. నేను అదే పోస్టులో లైన్‌మన్‌ని. ఆయన ఇల్లు నిజాంపేటలో. చూపు లేకుండా నడవడానికి శిక్షణ మాదాపూర్‌లో.

శిక్షణ ఇచ్చే మేడమ్‌కి పుట్టుకతోనే చూపు లేదు.

"నాలుకతో టక్‌మని కొట్టండి. ఆ చప్పుడు ఎదుట ఉన్నదాన్ని తాకి తిరిగొస్తుంది. అది వినండి. గబ్బిలాలు చేసేదీ ఇదేనండి. వాటి కూత మనకి వినపడదు, అంతే." తర్వాత నాతో అంది: "మీరు మూడడుగులు వెనక నడవండి. చెయ్యి పట్టుకోవద్దు. ప్రమాదమైతేనే పిలవండి."

పటాలంలో అంతకన్నా కష్టమైన ఆర్డరు నాకెవరూ ఇవ్వలేదు.

రోజూ ఆరున్నరకు మొదలు, ఆఫీసు క్యాబులు రోడ్డెక్కకముందే. రెండు నీళ్ళ సీసాలు, నల్ల కళ్ళద్దాలు, తెల్ల మడత కర్ర. కర్ర నా సంచిలోనే ఉండేది. ఆయన దాన్ని ముట్టలేదు. టక్. రెండడుగులు. టక్. నాలుగో రోజు మెట్రో స్తంభం ముందు తనంతట తనే ఆగాడు. ఎనిమిదో రోజు, "చెట్టు మెత్తగ పలుకుతది తమ్మీ. గోడ గట్టిగ పలుకుతది" అన్నాడు.

పదకొండో రోజు, ఏడు పది. ఫుట్‌పాత్ మీద కేబుల్ కోసం నడుము లోతున తవ్విన గుంత. నేను సీసా మూత తిప్పుతూ తల దించాను. ఎత్తేసరికి ఆయన లేడు.

దూకాను. ఆయన మోకాలు చీరుకుపోయింది. నుదుటి మీద రక్తం. జేబురుమాలుతో కట్టు కట్టాను. ఆరు నెలలు దాచింది ఆ గుంతలో బయటపడింది.

"అన్నా, ఆ రోజు లైను వంతు నాది. జ్వరమని పడుకున్నా. తెల్లారేసరికి జ్వరం లేదు. లేవబుద్ధి కాలేదు."

ఆయన నుదుటి కట్టు తడిమి చూసుకున్నాడు. పైన బస్సులు పోతున్నాయి.

"నాకు ఎరికే. పోయేముందు నీ నుదురు ముట్టి చూసిన. సల్లగనే ఉండె. పండుకోనియ్యి అనుకున్న."

"మరి లేపలేదేం?"

"ఆడ మందుపాతర ఉన్నదని నాకేమన్న తెల్సా?" మట్టి దులుపుకున్నాడు. "జర ఆ కట్టె ఇయ్యి. గోడ పలుకుతది, చెట్టు పలుకుతది. గుంత పలకదు."

ఆ రోజు నుంచి కర్ర వదల్లేదు. ఇరవై ఒకటో రోజు నేను రైలెక్కాను. మళ్ళీ అదే పోస్టు, అదే లైను, రెండేళ్ళు. తర్వాత యూనిఫాం విప్పేశాను.

పేలుడు చప్పుడు కూడా ఇప్పుడు సరిగా గుర్తులేదు. మనసులోంచి పోనిది ఒకటే, ఇరవయ్యో రోజు చూసింది. పెద్ద ఆఫీసు భవనం ముందు ఆయన టక్‌మనిపించి ఆగాడు. "ఇది అద్దం" అని, అరచెయ్యి చాపి ఆనించాడు. లోపల ఒకామె ఆ అద్దమే తుడుస్తోంది. ఎదురుగా చెయ్యి చూసి గుడ్డ ఆపింది. ఆయన చెయ్యి తీసేదాకా అలాగే నిలబడింది.