పని తెలిసిన పిల్ల

దొమింగా తవారెస్ పందొమ్మిదేళ్లుగా నది పక్క కాలేజీలో హాస్టళ్లు శుభ్రం చేస్తోంది. ఆమె చేయి పడిన గది గురించి ఇంతవరకు ఎవరూ నోరెత్తలేదు. శుభ్రం చేయడమంటే ఆమె దృష్టిలో పైనుంచి కిందికి, కిటికీ నుంచి తలుపుకి. నేల తుడుస్తూ వెనక్కి వెనక్కి నడవాలి. తుడిచిన చోట మళ్లీ కాలు పెట్టకూడదు. ఎర్రగుడ్డ బాత్రూములకి, నీలంగుడ్డ అద్దాలకి. ఆ రెండూ కలిపేసిన మనిషిని ఆమె రెండు రోజులపాటు పలకరించదు.

ఏటా ఆగస్టు చివర్లో, కాలేజీ తెరవడానికి వారం ముందే కొత్త పిల్లలు కొందరు దిగుతారు. ఒకరికొకరు పరిచయం కావడానికి కాలేజీ వాళ్లు పెట్టే వారం అది. కొండలెక్కే గుంపు ఒకటి, పొలంలో పనిచేసే గుంపు ఒకటి, జీతం తీసుకుని హాస్టళ్లు కడిగే గుంపు ఒకటి. ఈ మూడోది పదహారేళ్లుగా దొమింగా చేతికింద ఉంది. డాక్టర్ల పిల్లలు, లాయర్ల పిల్లలు మాప్‌ని గొడుగులా పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడతారు. ఆమె పిండడం నేర్పుతుంది. వాళ్లు నీళ్లు ఒలకబోసుకుంటారు, జారిపడతారు, పడీపడీ నవ్వుతారు. మూడో రోజుకల్లా ఒకరి కష్టసుఖాలు ఒకరికి చెప్పేసుకుంటారు. కొండల నుంచి బురదకాళ్లతో వచ్చిన వాళ్లదీ ఇదే వరస. ఆ వారంలో కలిసినవాళ్లు నాలుగేళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. తర్వాత వారం తీరిగ్గా వచ్చేవాళ్లకి అప్పటికే కుర్చీలు నిండిపోయి ఉంటాయి. చదువుకోకపోయినా దొమింగాకి ఈ సంగతి కాలేజీ పెద్దలకంటే బాగా తెలుసు.

ఈ ఏడు ఆమె కూతురు జాండిరాకి ఆ కాలేజీలోనే సీటొచ్చింది. బ్రాక్‌టన్ ఊళ్లో వాళ్ల వీధి వీధంతా సంబరపడింది. దొమింగాతోపాటు పనిచేసే బెన్‌వీందా కొబ్బరి కేకు చేసుకొచ్చి, తినకుండానే ఏడ్చింది. జూలైలో ఇంకో ఉత్తరం వచ్చింది. ముందు వారానికి ఏ గుంపులో చేరతారో, అసలు చేరతారో లేదో శుక్రవారం లోపు చెప్పమని. ఇంట్లో మనశ్శాంతి పోయింది అప్పటినుంచే.

కొండలెక్కే గుంపులో చేరమంది దొమింగా. బెన్‌వీందా కొడుకు బూట్లు అడిగి తెచ్చి, ముందుభాగంలో కాగితాలు కుక్కి, గుమ్మం పక్కన పెట్టింది. జాండిరా వాటి వంక చూడనైనా చూడలేదు. తనెప్పుడూ డేరాలో పడుకోలేదంది. ఆ పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియదంది. అసలు ఏ గుంపులోనూ చేరకపోతే కొంపేం మునగదంది. తల్లి కుర్చీల సంగతి చెప్పింది. మూడు రోజులు ఇదే రామాయణం.

గురువారం సాయంత్రం దొమింగా పొయ్యి మీద తమ దేశపు వంటకం కచూపా కలుపుతోంది. మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు అప్పుడే మెత్తబడుతున్నాయి. జాండిరా కంచాలు తీస్తూ, తిరిగి చూడకుండానే అంది:

"నేను నీ గుంపులో చేరతానమ్మా. ఆ పనైతే నాకు వచ్చు."

"వచ్చు గనకే వద్దంటున్నా."

జాండిరా కంచాలు బల్ల మీద పెట్టేసింది. "నేను నీ కూతుర్నని వాళ్లకి తెలియకూడదనా? నీకు సిగ్గా, లేకపోతే నేనెక్కడ సిగ్గుపడతానోనని నీ భయమా?"

దొమింగా గరిటె గిన్నెలోనే వదిలేసింది. ఇన్నాళ్లూ చర్చిలో ఫాదర్‌కి కూడా చెప్పుకోని మాట ఒకటి ఆమె కడుపులో ఉంది. కూర్చుని అది చెప్పింది.

అయిదేళ్ల కిందట మిర్లాండ్ అనే పిల్ల ఆ గుంపులో చేరింది. కాలేజీ వంటింట్లో పనిచేసే హైతీ దేశపాయన కూతురు. మొదటిరోజే ఆ పిల్ల మాప్ పిండిన తీరు చూసి దొమింగా ప్రాణం లేచొచ్చింది. ఆదివారానికల్లా నలభై గదులు తయారు కావాలి. తక్కిన పిల్లలా, బకెట్ ఎటువైపు తిప్పాలో తెలియని రకం. బాత్రూములన్నీ మిర్లాండ్‌కి అప్పజెప్పింది. నీకు పని తెలుసు కదమ్మా అని మెచ్చుకుంది కూడా. అయిదు రోజులూ ఆ పిల్ల ఎర్రగుడ్డతో ఒంటరిగా తోముతూనే ఉంది. వరండా ఆ చివర గదుల్లోంచి నవ్వులు వినబడేవి. వాళ్లు ఆమెను పిలిచింది తూము పూడిపోయినప్పుడే. క్లాసులు మొదలయ్యాక కూడా అంతే. ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు. ఆమెకు ఆ పని వచ్చు, అందుకని పిలిచేవాళ్లు. రెండో ఏడు క్రిస్మస్‌కి ఇంటికెళ్లిన పిల్ల మళ్లీ కాలేజీకి రాలేదు.

"దానికి సవాలక్ష కారణాలు ఉండి ఉంటాయి" అంది దొమింగా. "కానీ వాళ్ల నాన్న వంటింట్లో ఉన్నాడంటే నేనిప్పటికీ వెనక తలుపు నుంచి వెళ్తాను. ఆ పిల్లని ఆ గదుల్లో పెట్టింది ఇంకెవరో కాదు. నేనే."

జాండిరాకి పదేళ్లప్పటినుంచి శనివారాలు తల్లి వెంట ఇళ్లు కడగడానికి వెళ్లడం అలవాటు. ఆమె చేతులు చూస్తే చాలు, తెలిసిపోతుంది. తిన్నది తిని, కంచం కడిగి, గదిలోకి వెళ్లింది. మర్నాడు పొద్దున హాస్టళ్లు కడిగే గుంపుకే పేరిచ్చేసింది. ఎందుకిలా చేశావని తల్లి అడిగితే, "కొండ మీద నాకెవరూ లేరు. అక్కడ నువ్వుంటావు కదా" అంది.

ఆ మాటకు మురిసిపోవాల్సిన తల్లి మండిపడింది. నెల్లాళ్లు ఇద్దరి మధ్యా ఉప్పు, సబ్బు, బస్సు వేళలు తప్ప మాటల్లేవు. దొమింగా ఈసారి పేర్లన్నీ వరసగా రాసి, బాత్రూములు వంతులవారీగా పంచింది. ఎంత పంచినా, పని తెలిసిన చెయ్యి దాగదని ఆమె దిగులు.

ఆ రోజు రానే వచ్చింది. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లారు. దిగగానే జాండిరా, "నువ్వు ముందు నడు" అంది. దొమింగా ముందు నడిచింది. పన్నెండుమంది పిల్లలు రెండో అంతస్తు గదిలో గోడవారగా నిలబడ్డారు. జాండిరా చివర ఉంది. దొమింగా ఏటా చెప్పేదే చెప్పి, మాప్ ఎలా పిండాలో చూపించి, ఎవరైనా ఒకరొచ్చి చేయండంది. ఎవరూ కదల్లేదు. జాండిరా ముందుకొచ్చింది.

మాప్‌ని కింది చివర దగ్గర పట్టుకుంది. బకెట్‌లో ముంచి, పిండకుండా ఎత్తి, నీళ్లన్నీ తన బూట్ల మీదే కుమ్మరించుకుంది. గోడవారన కిసుక్కుమన్నారు. జుట్టు ఎర్రగా ఉన్న పొడుగు పిల్ల ఒకతె, "హమ్మయ్య, నాకంటే అధ్వాన్నం ఒకరున్నారు" అంటూ వచ్చి పక్కన నిలబడింది. జాండిరా కూడా నవ్వేసి, తల్లివైపు తిరిగింది.

"ఇంట్లో నేనెప్పుడూ ఇది ముట్టుకోలేదండీ. ఎలా పిండాలో మీరు కాస్త చూపిస్తారా?"

గుమ్మంలో ఉన్న బెన్‌వీందా ఏదో అనబోయింది. దొమింగా చూసిన ఒక్క చూపుకి నోరు మూసుకుంది.

దొమింగా కూతురి చేతులు పట్టుకుంది. ఎనిమిదేళ్ల కిందట ఇవే బొటనవేళ్లని ఇలాగే కర్రమీద సర్దింది. ఇప్పుడు ఆ వేలు దానంతట అదే సరైన చోటికి జరిగింది, వెంటనే వెనక్కి తగ్గింది. అది దొమింగా చేతికి తెలిసింది. "ఇలాగమ్మా" అంది, పదహారేళ్లుగా అందరు పిల్లలతో అన్నట్టే.

మధ్యాహ్నందాకా వరండాలో నిలబడి ఆమె ఆ గదిలోంచి నవ్వులు విన్నది. అందులో జాండిరా నవ్వు ఆమెకు విడిగా వినబడుతూనే ఉంది. తను కోరుకున్నది ఇదే. కొండలెక్కమని పోరింది కూడా దీనికోసమే. సంతోషం నిజంగానే కలిగింది. దాంతోపాటే, ఎవరో తన మొహం మీద తలుపు వేసినంత బాధా కలిగింది. రెండింట్లో ఏది ఎక్కువో ఆమె తేల్చుకోలేకపోయింది.

భోజనానికి రమ్మని కింద నుంచి కేక వచ్చింది. ఎర్రజుట్టు పిల్ల జాండిరా చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా, అప్పుడే తుడిచిన నేల మీద పరుగెత్తారు. పదేళ్ల వయసునుంచి ఒక్కనాడూ తడినేల తొక్కని పిల్ల. గుమ్మం దాటాక ఆగి, వెనక్కి తిరిగి, నేల మీది గుర్తులు చూసింది. తల్లిని చూసింది. కళ్లల్లో నీళ్లున్నాయో లేవో దొమింగాకి సరిగ్గా కనబడనేలేదు. ఈలోగా ఎర్రజుట్టు పిల్ల మళ్లీ లాగింది.

మెట్ల మీద చప్పుడు తగ్గాక దొమింగా మాప్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఏ అడుగు ఎవరిదో ఆమెకు అడక్కుండానే తెలుసు. ముందు ఆ పొడుగు పిల్లవి తుడిచింది. కూతురి అడుగులు కాసేపు అలాగే ఉండనిచ్చింది. తర్వాత వెనక్కి నడుస్తూ అవీ ఒక్కొక్కటే తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది.