అన్నిటికీ సరేనన్న అత్త

నిన్న మా అమ్మాయి ధర్మవరం పట్టుచీరలు నాలుగైదు తెచ్చి మంచం మీద పరిచింది. కొత్త పట్టు వాసన ముక్కుకు తగలగానే మా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది.

ఆమె మా నాయనకు అక్క. ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి కోడలిగా వెళ్లింది. నేసేది మామ, ఆయన తర్వాత బావ అయినా, ఏ చీరకు ఏ రంగు అంచు వేయాలో చెప్పేది మాత్రం అత్తే. బజారులో ముక్కూమొగం తెలియని మనిషిని నిలబెట్టి, ఈ చీర నీకెవరు తీసిచ్చినారమ్మా అని అడగగలదు. మా అమ్మకూ ఆమెకూ ఎన్నడూ పొసగలేదు. అమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తే నిమ్మకాయ ఎక్కువైందని ఒకసారి, చాల్లేదని ఒకసారి, రెండూ సరిపోతే బొరుగులు మంచివి కావని ఇంకోసారి వంక పెట్టేది.

మామ పోయాక కూడా ఆ నోరు తగ్గలేదు. తగ్గింది ఆ తర్వాతెప్పుడో, ఎవరికీ తెలియకుండా. తెల్లవారకముందే లేచి గోడకానుకుని కూర్చునేది. కడుపులో మంట అనేది. అన్నం కలిపి వదిలేసేది. తల దువ్వుతామంటే రేపు అనేది. అంచు రంగు అడిగితే ఏదో ఒకటి వేయమనేది. వయసు మీదపడి శాంతం వచ్చిందనుకుని ఇంట్లోవాళ్లు లోలోపల సంతోషించారు కూడా.

అమ్మ చూడబోయి కొన్నాళ్లుండి వచ్చింది. ఒక్క మాటా పడకుండా వచ్చావే, ఇన్నాళ్లకు పొత్తు కుదిరిందా అని నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"ఉగ్గానిలో ఉప్పెయ్యడమే మర్చిపోయినా. బాగుండాదిలే అనింది. వదినె అట్లా అనే మనిషి కాదు. ఏదో అయ్యుండాది."

అమ్మ పోరు పడలేక బావ ఆమెను అనంతపురంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లతో నేనూ ఉన్నాను. డాక్టరు కడుపు సంగతి అడిగి, తర్వాత పొద్దున లేవగానే ఏమనిపిస్తుందమ్మా అన్నాడు. అత్త కొంగు నలుపుతూ చెప్పింది.

"ఎందుకు లేచినానా అనిపిస్తాది సామీ. ముసిల్ది పని తప్పించుకుంటాందంటారని ఎవరికీ చెప్పలే."

బావ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఇది వయసు కాదు, దిగులు జబ్బు అన్నాడు డాక్టరు. పెద్దవాళ్లలో ఇది ఏడుపుగా కనిపించకపోవచ్చు, కడుపునొప్పిగానో నిద్రలేమిగానో వస్తుంది, ఇష్టాలు ఒక్కొక్కటే రాలిపోతాయి, మందులతో నయమవుతుంది అని చెప్పాడు. మాత్రలు రాసిచ్చి, ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చుని మాట్లాడిస్తూ ఉండండి అన్నాడు. ఆ పనికి అమ్మే వెళ్లింది. నెలలు పట్టింది.

ఒక సాయంత్రం అరుగు మీద వక్కాకు నములుతూ, వీధిలో ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో అత్త ఒక్కొక్కటే అడిగిందట. అంతా విని, "ఇదంతా అయితాంటే నేను యాడికి పోయింటినే?" అందట.

"ఈడనే ఉంటివి వదినె," అందట అమ్మ.

ఇద్దరూ ఇప్పుడు లేరు. మన పక్కనే కూర్చున్న మనిషిని కూడా కాలం ఎంత చప్పుడు చేయకుండా తీసుకుపోతుందో, పిలిచేవాళ్లుంటే కొన్నాళ్లకైనా ఎలా తిరిగి ఇస్తుందో, ఆ ఇంట్లోనే చూశాను.