వగరుగా ఉందన్న రోజు

ఇందాక నువ్వు పప్పూ అన్నం తింటూ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే సూపర్ అమ్మమ్మా అన్నావు చూడు, ఆ తర్వాత నేను తినడానికి కూర్చుంటే తెలిసింది, పప్పులో ఉప్పు వెయ్యడమే మర్చిపోయానని. నిన్నేం అనడం లేదులే, నేను చెప్పేది రాసుకో. ఆ చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు మీ తాతయ్యా, ఫ్రాన్సులో ద్రాక్షతోటలూ ఒక్కసారే గుర్తొచ్చాయి.

మా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో వంటకి వంక పెట్టని మగవాడు ఉండేవాడు కాదు. మీ తాతయ్య వంక మాత్రం కసురుకున్నట్టు ఉండేది కాదు. మొదటి ముద్ద తిని ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఆవాలు కాస్త మాడాయనో, చింతపండు పోయినేడాదిదనో నెమ్మదిగా చెప్పేవారు. నేను విసుక్కునేదాన్ని గానీ, నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే వండేదాన్ని.

ఊళ్ళన్నీ జ్వరాలతో తలుపులు మూసుకున్న ఆ ఏడాది ఆయనకీ జ్వరం వచ్చింది. మనిషి కోలుకున్నారు గానీ వాసనా, రుచీ వెనక్కి రాలేదు, కుడిచెయ్యి కూడా వణికేది. చల్లపల్లి డాక్టరుగారు మెల్లగా అవే వస్తాయన్నారు. అప్పట్నించి ఏం పెట్టినా బానే ఉంది అనేవారు. ఒకసారి వంకాయ కూర అడుగంటితే, అదీ బానే ఉందన్నారు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అలాంటప్పుడు మీ గుడివాడ నానమ్మ, మా వియ్యపురాలు, చుట్టాల్నీ ఇరుగుపొరుగునీ కూడగట్టి యూరప్ టూరు కట్టింది. అందులో ద్రాక్షతోటలకి వెళ్ళి వైను రుచి చూడటం కూడా ఉందని తెలిసి, రుచే తెలియని మనిషిని అక్కడికి తీసుకెళ్ళడమేమిటని నేను వద్దన్నాను. ఆయనే, తాగేవాళ్ళు తాగుతారు, మనం తోటలు చూద్దాం, మన దివిసీమలో వరి తప్ప ఏం చూశాం అన్నారు.

ఆ తోటలు చూడాలే అమ్మాయీ. కనుచూపు మేర పల్లం తప్ప ఎరగని వాళ్ళం, ఆ కొండవాలుల మీద దువ్వెనతో దువ్వినట్టు వరసలు తీర్చిన తీగల్ని చూసి బస్సులో అందరం కిటికీలకి అతుక్కుపోయాం. ఒక్కొక్క వరస మొదట్లో ఒక గులాబీ మొక్క. తెగులు వస్తే ముందు దాని మీద కనిపిస్తుందని నాటారట. మీ తాతయ్య ఆ వరసల మధ్య గొంతుక్కూర్చుని, పిడికెడు మట్టి తీసి అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ కింద పోసేశారు. నేను అటు చూడనట్టే నడిచాను.

తోట యజమానురాలు నాకంటే పెద్దావిడ, మోకాళ్ళ దాకా బూట్లు, గోళ్ళలో మట్టి. నేలమాళిగలో పీపాల మధ్య నిలబెట్టి, వాళ్ళ తాతల నాటి లోతులేని వెండి గిన్నె ఒకటి తెచ్చి, అందులో వైను పోసి, ఇంటికొచ్చిన చుట్టాలు ఒకే గిన్నెతో తాగడం మా మర్యాద అని మా టూరు గైడు అమ్మాయి చేత చెప్పించింది. ఒకే గిన్నె, ఇంతమంది ఎంగిలి. కాదంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. అప్పుడు మీ నానమ్మ కొంగు బిగించి, తల వెనక్కి వంచి, చెంబుతో నీళ్ళు తాగినట్టు గిన్నె పైకెత్తి పెదవి తగలకుండా పోసుకుంది. ఆమె వెనక అందరూ అంతే. ఆ పెద్దావిడ నోరు తెరుచుకుని చూసి, తనూ అలాగే ఎత్తి మెడ మీద పోసుకుని పకపకా నవ్వింది. కోప్పడుతుందనుకున్నాం. నాకు ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

మీ తాతయ్య వంతు వచ్చేసరికి చెయ్యి వణికింది. "వదినగారూ, మీరే పొయ్యండి, అన్నయ్యగారు నోరు తెరిస్తే చాలు" అంది మీ నానమ్మ. పోశాను. లోతులేని గిన్నె కదా, సగం నోట్లోకీ, సగం ముక్కులోకీ, చొక్కా మీదకీ వెళ్ళింది. పొలమారి, ఉక్కిరిబిక్కిరై, కళ్ళనీళ్ళు పెట్టుకుని, కాసేపటికి ముఖం చిట్లించారు.

"వగరుగా ఉందేవిటే ఇది."

నా చేతిలో గిన్నె కిందపడబోయింది. "ఏవిటండీ, మళ్ళీ చెప్పండి."

"వగరు. లేత జామకాయ కొరికినట్టుంది. చెవుడొచ్చిందా నీకు?"

మీ నానమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ పెద్దావిడ తన వైను నచ్చలేదనుకుని కంగారు పడితే, టూరు అమ్మాయి విషయం చెప్పింది. ఆవిడ మీ తాతయ్య రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ వైను వల్లే రుచి తిరిగొచ్చిందా, అది వచ్చే వేళకి అక్కడున్నామా అంటే నాకు తెలీదు. ఆ పూట భోజనంలో, నేను ఇంటి నుంచి మోసుకెళ్ళిన గోంగూర పచ్చడి నాకి, ఉప్పు తగ్గింది, మిరపకాయలు పాతవి అన్నారు. జన్మలో ఎవరూ నన్ను అంతగా మెచ్చుకోలేదు.

ఇప్పుడు ఆయన లేరు. ఇంట్లో ఎవరి సీసా వాళ్ళది, ఎత్తి పోసుకునే వాళ్ళూ లేరు, ఒకరికి పోసే పనీ లేదు. నేనేం వండినా అందరూ సూపర్ అంటారు. మంచి పిల్లలే. కానీ పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతుంటే, ఈ వంటలో తేడా ఎవరు కనిపెడతారా అనిపిస్తుంది. ఇక రాసింది చాల్లే. రేపు పప్పు ఉప్పేసే వండుతాను. ఫోను పక్కన పెట్టి తిని, ఏం తగ్గిందో చెప్పు.