ఫైల్‌కి ఎవరు చెప్పారు

ప్రింటర్ నుంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాల వెచ్చదనం చేతికి తగిలితే నాకు ఎస్తేరమ్మ గారు గుర్తొస్తారు. ఈ ఉదయం అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా ఆఫీసులో అలాంటి రిపోర్టు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. సంతకం పెట్టబోతూ ఆగిపోయాను. "ఇందులో నువ్వు కళ్ళారా చూసిందెంత, సుధా?" అని ఆవిడ వెనక నుంచి అడిగినట్టే ఉంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

ఎస్తేరమ్మ గారు భీమవరం నుంచి వచ్చిన మానసిక వైద్యురాలు. నేను ఆవిడ దగ్గర పని నేర్చుకున్న సైకాలజిస్టుని. మా పనేమిటని ఎవరైనా అడిగితే నేను మాట మార్చేస్తాను. ఘోరమైన లైంగిక నేరాలు చేసి జైలుశిక్ష ముగిసినా, వదిలితే మళ్ళీ చేస్తారని కోర్టు నమ్మినవాళ్ళను ఇక్కడ చికిత్సా కేంద్రంలో ఉంచుతారు. ఎన్నాళ్ళని గడువుండదు. ఏడాదికొకసారి మాలాంటివాళ్ళు వెళ్ళి మాట్లాడి, ఇంకా ప్రమాదమేనా అని రాయాలి. ఆ రాతను బట్టి ఒక మనిషి లోపలుంటాడు, లేదా ఎవరో ఒకరి వీధిలోకి వస్తాడు.

ఆవిడకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. మా తెలుగు చర్చిలో సండే స్కూలు గది తలుపుకు అద్దం పెట్టించేదాకా పాస్టర్ గారిని నిద్రపోనివ్వలేదు. పిల్లలతో ఏ పెద్దా ఒంటరిగా ఉండకూడదని పట్టుబట్టారు. "మనవాళ్ళ మీద కూడా డౌటేనా ఆంటీ?" అని ఎవరో నొచ్చుకుంటే, "మనవాళ్ళనే కదండీ చెక్ చేయకుండా వదిలేస్తాం" అన్నారు. అనుమానపు పక్షి అని వెనక నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ మాట ఆవిడకు చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆవిడ నాకు డేల్ ఫైల్ ఇచ్చారు. డేల్ అరవై దాటిన మనిషి. ఆరేళ్ళుగా ఆ కేంద్రంలో ఉన్నాడు. ఆరు రిపోర్టుల్లోనూ 'చికిత్సకు ఒప్పుకోడు' అనే ఉంది. గంటసేపు ఎదురుగా కూర్చుంటే నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేదు. నా వంక చూసిన చూపుకే ఒళ్ళు జలదరించింది. అతను చేసినవి చదివి వెళ్ళాను కాబట్టి ఆ చూపులో నాకు కావలసింది నాకు కనిపించింది. ఏడో రిపోర్టులోనూ అదే మాట రాసి ఆవిడ ముందు పెట్టాను.

"ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకోడని నీకెవరు చెప్పారమ్మా?"

"ఫైల్‌లో ఉంది కదండీ."

"ఫైల్‌కి ఎవరు చెప్పారు?"

నాకు ఒళ్ళు మండింది. రెండు గంటలు డ్రైవ్ చేసి మళ్ళీ ఆ కేంద్రానికి వెళ్ళాను. గ్రూపు చికిత్సకు వచ్చినవాళ్ళు సంతకం పెట్టే కాగితాలు ఉంటాయి. పాతవన్నీ బయటికి తీయించాను. మొదటి ఏడాది డేల్ సంతకం ఎక్కడా లేదు. రెండో ఏడాది నుంచి వారం వారం ఉంది. పెన్సిల్‌తో, వంకర అక్షరాలతో, ఐదేళ్ళుగా. మొదటి ఏడాదికి మాత్రమే నిజమైన ముక్కను రెండో ఏడాది ఎవరో ఎత్తి అలాగే అతికించారు. తరువాతివాళ్ళంతా దాన్నే ఎత్తి రాశారు. అతని లాయరు కూడా మా రిపోర్టులే చదివినట్టున్నాడు. నువ్వెందుకు చెప్పలేదని డేల్‌ని అడిగితే, "మీరెవరూ అడగలేదు" అన్నాడు.

రెండో ఏడాది రిపోర్టు చివరి పేజీ తిప్పి చూశాను. సంతకం ఎస్తేరమ్మ గారిది.

తిరుగు దారంతా ఆవిడను అనుమానిస్తూనే వచ్చాను. తెలిసే ఈ ఫైల్ నా చేతికిచ్చారా? తప్పు బయటపడితే నా మీదకు తోయడానికా? కాగితాలు బల్ల మీద పెట్టి సూటిగా అడిగేశాను.

"మీకు ముందే తెలుసా?"

"డౌటొచ్చింది. ఆ సంవత్సరం హడావుడిలో రాసిన రిపోర్ట్స్ గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. నా తప్పు నేను వెతుక్కుంటే నాకు దొరకదమ్మా. నా మీద గౌరవం లేనివాళ్ళు వెతకాలి."

"నాకు గౌరవం లేదని ఎవరన్నారు?"

"చర్చిలో నవ్వుతావుగా," అన్నారు, కోపం లేకుండా.

కోర్టులో ఆవిడ బోనెక్కి, ఆ తప్పు తనదేనని జడ్జికి చెప్పారు. ఎవరి పేరూ అడ్డం పెట్టుకోలేదు. జడ్జి డేల్‌ని మళ్ళీ మొదటి నుంచి పరీక్షించమన్నారు, కొన్ని నెలలకు నిఘా మీద వదిలారు. చివరి వరుసలో ఒళ్ళో కోటు పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చునేది. డేల్ బతుకు పాడుచేసిన అమ్మాయికి తల్లి. విడుదల ఉత్తర్వు వచ్చిన రోజు ఆవిడ వరండాలో ఎస్తేరమ్మ గారిని నిలబెట్టేసింది.

"వాడు మళ్ళీ చేయడని చెప్పగలవా?"

"చెప్పలేను. నేను తప్పు రాశానని మాత్రం చెప్పగలను."

"అయితే నీ మాట నేనెలా నమ్మాలి?"

"నమ్మొద్దు. నెలనెలా నన్ను అడుగు."

ఆ తల్లి నిజంగానే ప్రతి నెలా ఫోన్ చేసింది. ఎస్తేరమ్మ గారు రిటైరయ్యాక కూడా ఆ ఫోన్ ఎత్తేవారు. ఆ ఫోన్ వచ్చేలోపే తానే నిఘా ఆఫీసరుకు చేసి, ఎక్కడున్నాడో తెలిసేలా డేల్ కాలికి కట్టిన పట్టీ చూశారా, కొట్టు రసీదు మీద టైముకీ కారు తిరిగిన మైళ్ళకూ పొంతన కుదిరిందా అని ఆరా తీసేవారు. ఆవిడ బతికున్నంతకాలం అన్నీ కుదిరాయి. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా తేలిగ్గా ఊపిరి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. ఆ ఫోన్ ఇప్పుడు నాకొస్తోంది.

ఈ ఉదయం నేను సంతకం ఆపింది డేల్‌ది కాదు, వేరే మనిషి గురించి రాసిన రిపోర్టు. మూడో పేజీలో ఒక పేరా మరీ నున్నగా, ఎక్కడో చదివినట్టే ఉంది. నిరుటి రిపోర్టు తీసి, రెండూ పట్టుకుని పక్క గదిలో మార్క్ దగ్గరకు వెళ్ళాను. మా ఇద్దరికీ పెద్దగా పడదు. రెండూ పక్కపక్కన పెట్టి చదవమన్నాను.

"దేనికి?" అన్నాడు.

"రాసిన మనిషి మీద నాకు నమ్మకం లేదు."

అతను నిరుటి రిపోర్టు చివరి పేజీ తిప్పి నా సంతకం చూశాడు. తలెత్తి నా ముఖం చూశాడు. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.